పది నిమిషాలు ముందు

ఆ రోజుల్లో గోడ గడియారాన్ని ముందుకు తిప్పుకునే భాగ్యం ఎవరికీ లేదు. తిప్పడానికి దాని వెనక చక్రమే ఉండేది కాదు. ఎక్కడో కొండల మధ్య కట్టిన కాలకేంద్రం అనే రేడియో స్టేషను రాత్రింబవళ్లు టైము చెబుతూ ఉండేది. గోడ గడియారాలు, చేతి గడియారాలు, ఫోన్లు, రైలు గేట్లు అన్నీ దాని మాట విని నడుచుకునేవి. ఏదైనా ఒక సెకను తప్పితే తనంతట తనే దిద్దుకునేది. దేశమంతటికీ ఒక్కటే టైము గనక ఇక ఆలస్యం అనే మాటే వినపడదని పెద్దలు ప్రకటించారు. మనుషుల సంగతి పెద్దలకేం తెలుసు?

కోదండపాణికి ఆలస్యం అవుతూనే ఉంది. రైలు గేటవతల కాలనీలో కాపురం, బెజవాడలో ఉద్యోగం, పొద్దున్నే పాసింజరు అందుకోవాలి. వారానికి రెండు సార్లయినా ఆయన ప్లాట్‌ఫారం ఎక్కేసరికి బండి ఆఖరి పెట్టె వీపు చూపించేది. కారణం ఆయనకి స్పష్టంగా తెలుసు. ఆయన పుట్టి పెరిగిన ఇంట్లో గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుండేది. ముందుందని పిల్లలతో సహా అందరికీ తెలుసు. తెలిసినా సరే, ముల్లు చూడగానే కాళ్లలో కంగారు పుట్టేది. ఆ కంగారుతోనే తాతలూ తండ్రులూ బళ్లు అందుకున్నారు.

"సరైన టైము చూపించే గడియారం ఎందుకే, తగలెయ్యడానికా?" అనేవాడు భార్యతో. "టైమెంతయిందో చెబుతుంది గానీ లేవమని చెప్పదు. ఆలస్యం అమృతం విషం అన్నారు."

"ముందు పెట్టుకున్నా మీరు మనసులో పది తీసేసుకునేవారు కదండీ."

"తీసేసుకుంటాం. అయినా ఆ పది ఉందన్న ధైర్యం వేరు."

ఆయన భార్య వకుళ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పేది. మొగుడు బండి పోగొట్టుకుని మొహం వేలాడేసుకుని తిరిగొచ్చిన ఒక పొద్దున ఆమెకి జాలేసింది. ఆ జాలి దగ్గరే కథంతా మొదలైంది.

వంటింటి బల్ల మీద ఆమె పెట్టుకున్న సరంజామా చాలా చిన్నది. రాగి తీగ చుట్టిన వేలెడు ఫెర్రైట్ కడ్డీ ఒకటి, అది యాంటెన్నా. బొటనవేలంత మైక్రోకంట్రోలర్ ఒకటి, పిల్లలు ఆడుకునే బొమ్మల్లో ఉండే రకమే. కంప్యూటర్ తెర మీద పొట్టి గీతలూ పొడుగు గీతలూ వరసగా పడుతున్నాయి.

"ఏంటి వకుళా అది?" అన్నాడు కోదండపాణి, కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడి.

"కాలకేంద్రం మాట్లాడుతోందండీ. సెకనుకోసారి రెప్ప వేస్తుంది. పొట్టి రెప్ప అయితే సున్నా, పొడుగు రెప్ప అయితే ఒకటి. నిమిషం చివర రెప్ప వేయకుండా ఊరుకుంటుంది. అదే నిమిషం నిండిందని గుర్తు. ఆ సున్నాలూ ఒకట్లూ వరసగా చదువుకుంటే గంట, నిమిషం, తారీఖు, వారం అన్నీ వస్తాయి. మధ్యలో ఏ అంకైనా చెడిందేమో చూసుకోవడానికి లెక్క గుర్తొకటి కూడా పంపుతుంది."

"సంతకంలాగా అన్నమాట."

"సంతకం కాదండీ. సంతకమైతే ఎవరు పెట్టారో తెలుస్తుంది. ఇక్కడ లెక్క కుదిరితే చాలు, చెప్పినవాళ్లు ఎవరైనా గడియారం నమ్మేస్తుంది."

కోదండపాణి కాఫీ తాగడం ఆపాడు. "ఎవరైనా అంటే? నువ్వు చెప్పినా?"

వకుళ నవ్వింది. ఆమె ఆలోచన కూడా అదే.

మర్నాటికి అగ్గిపెట్టెంత పెట్టె తయారైంది. బ్యాటరీతో నడుస్తుంది. ఒక నిమిషం కాలకేంద్రం మాట వింటుంది. తర్వాతి నిమిషం అదే మాటని, పది నిమిషాలు కలిపి, తన చిన్న గొంతుతో తిరిగి చెబుతుంది. దగ్గరి గొంతు గట్టిది గనక ఇంట్లో గడియారాలు దాన్నే వింటాయి. అది ఆగిన ఆ ఒక్క నిమిషంలోనే దూరపు సన్నని గొంతు వాటి చెవికెక్కదు. పెట్టెని గూట్లో పెట్టగానే హాల్లో గడియారం ముల్లు ఒక్క గెంతు గెంతి పది నిమిషాలు ముందుకెళ్లి నిలబడింది. కోదండపాణి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

వకుళకి ఒక్క సందేహం వచ్చింది. కోదండపాణికి షుగరు ఎక్కువ. పొట్ట చర్మం కింద డాక్టర్లు చిన్న పంపు అమర్చారు. టిఫిను వేళకొకటి, మధ్యాహ్నం అన్నానికొకటి, రాత్రి అన్నానికొకటి, పూటకోసారి అది ఇన్సులిన్ వదులుతుంది. వదిలినప్పుడల్లా టిక్కుమంటుంది. ఆ టిక్కు విని కంచం ముందు కూర్చోవాలి. ఆ పంపు కూడా రేడియో టైమునే నమ్ముతుంది. వకుళ దాని పుస్తకం తీసి చదివింది. టైము పదిహేను నిమిషాలకి మించి ఒక్కసారిగా గెంతితే పంపు నమ్మదు, రొద అనుకుని వదిలేస్తుంది. అంతకు తక్కువైతే నమ్ముతుంది. వెనక్కి మాత్రం చచ్చినా వెళ్లదు. పోయిన పూట మందు మళ్లీ వదలకుండా, కాలం వెనక్కి రాదని దానికి నేర్పారు.

పది నిమిషాలేగా, అనుకుంది వకుళ. అన్నం పది నిమిషాలు ముందు తింటారు, అంతే.

కోదండపాణికి ఆ వారం ఒక్క బండీ తప్పలేదు. అలాంటి సంగతి కాలనీలో దాగుతుందా? పక్కింటి మాణిక్యాంబ పిన్నిగారు మొదట వచ్చింది. "అమ్మాయ్, మా ఆయనకీ ఒకటి చేసిపెట్టు. బండి తప్పినప్పుడల్లా ఆయన అరుపులు నేను పడలేకపోతున్నా." ఆవిడ వెనక ఎదురింటివాళ్లు, వాళ్ల వెనక చివరింటివాళ్లు. కాలనీలో పాసింజరు ఎక్కని ఇల్లు లేదు. అడిగినవాళ్లకి లేదనడం వకుళకి చేతకాదు. నెల తిరక్కముందే ఆ వరసలో ప్రతి ఇంటి గూట్లోనూ ఒక పెట్టె కూర్చుంది. పెట్టె గొంతు గోడ దాటదు గనక ఎవరి పది నిమిషాలు వాళ్లవే.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కోదండపాణి హాల్లో చాప వేసుకుని నడుం వాల్చాడు. వకుళ పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. కాసేపటికి ఆయన పొట్టలోంచి టిక్కుమంది.

వకుళ చేతిలో పెన్ను ఆగింది. అన్నం తిని గంట కూడా కాలేదు. పొరపాటు విన్నానేమో అనుకుని తలెత్తి గడియారం వంక చూసింది. రాత్రి ఎనిమిది దాటింది. కిటికీ బయట ఎండ కళ్లు చెదిరేలా కాస్తోంది. ఆమె చూస్తుండగానే ముల్లు గెంతింది. ఇంకో నిమిషం పోయాక మళ్లీ గెంతింది.

"ఏమండీ, లేవండి. ఏమండీ!"

ఆయన కళ్లు తెరిచాడు. నుదుటి మీద చెమట అప్పుడే పట్టింది. "ఏంటే, వణుకు పుడుతోంది," అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. వకుళ వంటింట్లోకి పరుగెత్తి గ్లాసుడు నీళ్లలో గుప్పెడు పంచదార కలిపి తెచ్చి తాగించింది. తర్వాత మిగిలిన అన్నంలో పెరుగు కలిపి ముద్దలు చేసి పెట్టింది. తినగా తినగా ఆయన మొహంలోకి రంగు వచ్చింది. 

గూట్లో పెట్టె తీసి బ్యాటరీ పీకేసింది. గడియారం ఆగలేదు, గెంతుతూనే ఉంది. అంటే ఇంకెవరి గొంతో వింటోంది. బయటికొచ్చి చూస్తే సంగతి అర్థమైంది. మాణిక్యాంబ పెట్టె గోడ దాటి పెరట్లో బట్టలారేసే దండేనికి వేలాడుతోంది. మేడ మీది గడియారానికి టైము అందడం లేదని, పెట్టె యాంటెన్నా తీగని ఆవిడ దండేనికి చుట్టబెట్టింది, ఆవిణ్ణి చూసి వరసంతా అదే పని చేసింది. ఆ కాలనీలో దండెం అంటే ఒక ఇంటిది కాదు. ఇంటి నుంచి ఇంటికి, కొక్కెం నుంచి కొక్కేనికి, వరస పొడుగునా ఒకటే ఇనప తీగ.

వకుళ దండెం కోయబోతే ఆ మందానికి ఆమె చిన్న కట్టరు నోరు విరిగింది. గోడ దాటని గొంతులన్నీ ఆ తీగ మీదెక్కి ఒకదాన్నొకటి వింటున్నాయి. ఒక పెట్టె తన పది కలిపి చెబుతుంది. అది కాలకేంద్రం మాటే అనుకుని పక్క పెట్టె ఇంకో పది కలుపుతుంది. దాని మాట విని మొదటిది మరో పది కలుపుతుంది. లెక్క గుర్తు ప్రతిసారీ చక్కగా కుదురుతుంది. నిమిషానికి పది నిమిషాల చొప్పున కాలనీలో కాలం పరుగెడుతోంది. గెంతు ఎప్పుడూ పదే గనక పంపు ప్రతి గెంతునీ నమ్ముతోంది. ఇలాగే సాగితే గంట పోయేసరికి రేపటి టిఫిను మందు పడుతుంది. ఆ వెనకే రేపటి మధ్యాహ్నానిది. పూటకి ఒకటి చొప్పున, పంపు తన పని తాను తప్పు లేకుండా చేసుకుపోతుంది, మనిషి చచ్చేదాకా.

డాక్టరుకి ఫోను చేసింది. ఫోను టైముకీ టవరు టైముకీ అరగంటకి మించి తేడా ఉంటే ఆ రోజుల్లో ఫోను పలకదు. పలకలేదు. మాణిక్యాంబ భర్త వీరభద్రంగారు ఆటో కోసం స్కూటరేసుకుని వెళ్లి అంతలోనే తిరిగొచ్చాడు. "గేటు పడే ఉందమ్మా. ఇంకా రాని బళ్లన్నిటికీ ఇప్పుడే పడుతోంది. నేను కింద నుంచి దూరి నడిచిపోతా, డాక్టర్ని తీసుకొస్తా. ఆసుపత్రి దూరం, ఎంతసేపవుతుందో ఏమో. ఈలోగా నువ్వు జాగ్రత్త."

వకుళ ఇంటింటికీ పరుగెత్తింది. ఒక్కసారి అన్ని పెట్టెలూ నోరు మూస్తే చాలు, గడియారాలకి కాలకేంద్రం వినపడి దారిలో పడతాయి. పంపు కూడా అది విని ఆగిపోతుంది. ఇప్పుడే ఆపమంటే ఆమె చివరింటికి చేరేలోగా మొదటింటివాళ్లు మళ్లీ పెట్టేస్తారు, అందుకని అందరికీ ఒకే వేళ చెప్పాలనుకుంది. ఒక్కో గుమ్మంలో నిలబడి రొప్పుతూ అదే చెప్పింది. "మూడింటి నుంచి మూడున్నర దాకా మీ పెట్టె ఆపేయండి. ఆయన ప్రాణం మీదికొచ్చింది."

అందరూ మంచివాళ్లే. అందరూ సరేనన్నారు. చెప్పినట్టే చేశారు కూడా, ఎవరి గడియారం చూసుకుని వాళ్లు. ఒకరింట్లో అప్పటికే మూడు దాటింది, వాళ్లు మళ్లీ వచ్చే మూడు కోసం కాచుకున్నారు. ఇంకొకరింట్లో మూడూ మూడున్నరా మూడు నిమిషాల్లో అయిపోయాయి. అరగంట ఆపాం కదా అని మళ్లీ పెట్టేశారు. ఎవరికి వారే యమునా తీరే. టైము చెడిందని చెప్పడానికి వెళ్లిన వకుళ టైమే చెప్పి వచ్చింది. ఆ తప్పు ఆమెకి తెలిసొచ్చేసరికి, ఆయన దగ్గర కూర్చోబెట్టి వచ్చిన మాణిక్యాంబ కేక ఇంట్లోంచి వినపడింది. "అమ్మాయ్, మళ్లీ టిక్కుమంది!"

అక్కణ్ణించి ఆ ఇల్లు ఇల్లులా లేదు. పంపులో పడిన ప్రతి పూటకీ మనిషిలో తిండి పడాలి. సోమవారం టిఫిను కింద ఇడ్లీలు, బెల్లం నీళ్లు. అవి అరగక ముందే సోమవారం మధ్యాహ్నం. మాణిక్యాంబ వాళ్లింట్లోంచి గిన్నెడు పులిహోర తెచ్చింది, ఎదురింటివాళ్లు అరటిపళ్లు పంపారు. బండి కోసం పరుగెత్తుతూ ఏనాడూ కుదురుగా నాలుగు ముద్దలు తినని మనిషి ఇప్పుడు గోడకి ఆనుకుని ఏడుస్తూ తింటున్నాడు.

"ఇంక నావల్ల కాదు వకుళా. కక్కొస్తోంది."

"కక్కితే మళ్లీ పెడతాను. నోరు తెరవండి."

"భయమేస్తోందే."

"నాకూ వేస్తోంది. మింగండి."

సోమవారం రాత్రి మందు పడింది. ఆయన మాట ముద్దయిపోయింది. వకుళని చూసి "అమ్మా" అన్నాడు. ఆమె చెంపల మీద నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా తేనె వేలితో తీసి ఆయన చిగుళ్లకి రాసింది. తన చేతులతో చేసిన పెట్టె అది. ఈ చేతులతోనే ఈయన్ని చంపుకుంటున్నానా, అనుకుంది. కాలనీకంతా ఒక్కసారి వినపడే గంట ఏదైనా ఉందా? గుడి గంటా మసీదు మైకూ కూడా ఆ రోజుల్లో రేడియో టైముకే మోగేవి. మధ్యాహ్నం నుంచి అవి ఎన్నిసార్లు మోగాయో ఎవరికీ లెక్క లేదు.

"పొయ్యి దగ్గరికెళ్లి ఇంకాస్త పాకం తెస్తా," అంటూ లేచిన మాణిక్యాంబ గుమ్మం దాకా వెళ్లి ఆకాశం వంక చూసింది. "ఇంకాసేపట్లో దీపాలు పెట్టే వేళవుతుంది. ఈ గోలలో దేవుడి దగ్గర వత్తి కూడా వేసుకోలేదు."

వకుళ తల తిప్పి ఆవిడ వంక చూసింది. "పిన్నిగారూ, దీపాలు పెట్టే వేళని మీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలేంటి? పొద్దు కుంకుతోంది, కనపడట్లా?"

వకుళ ఆవిడ చేతులు పట్టుకుంది. "మీరే వెళ్లి అందరికీ చెప్పండి. గడియారం వంక చూడొద్దనండి. సూర్యుడు మునగ్గానే పెట్టె ఆపేసి దీపం పెట్టమనండి. చుక్క కనపడేదాకా ముట్టుకోవద్దనండి." తను మాత్రం ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మంగళవారం టిఫిను మందు అప్పటికే పడింది. ఇంకొక్క పూట పడితే ఆ మనిషి తట్టుకోలేడని ఆమెకి తెలుసు. కిటికీలోంచి ఎర్రటి ఎండ గోడ మీద కొంచెం కొంచెంగా పైకి పాకుతోంది. 

గోడ మీది ఎండ పోయింది. వరసలో ఒక ఇంట్లో దీపం కనపడింది. తర్వాత ఇంకో ఇంట్లో. గడియారం ముల్లు గెంతబోయినట్టు వణికి ఆగింది. ఆగి, కాసేపు అలాగే ఉండి, ఎప్పుడో చిన్నప్పుడు నేర్చుకున్నది గుర్తొచ్చినట్టు గిరగిరా వెనక్కి తిరిగి ఆదివారం సాయంత్రం దగ్గర నిలబడింది. వకుళ ఆయన పొట్టకి చెవి ఆనించి వింది. టిక్కు లేదు. ఎంతసేపు విన్నా లేదు. అప్పుడు బావురుమంది.

గేటు లేచింది. వీరభద్రంగారితో డాక్టరు వచ్చేసరికి కోదండపాణి పెళ్లాన్ని పేరు పెట్టి పిలుస్తున్నాడు. డాక్టరు నరంలోకి గ్లూకోజు ఎక్కించి, పంపుని తన మీటరుతో చూశాడు.

"ఇది మంగళవారంలో ఉందమ్మా. వెనక్కి రాదు. మనమే నడుచుకుంటూ వెళ్లి దాన్ని అందుకోవాలి. మంగళవారం పొద్దుటికి కలుస్తాం. అందాకా మందు వదలదు, మీరు సూదితో వేయండి. మధ్యాహ్నం ఒంటిగంట అన్నం పూటకి అదే మేలుకుంటుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఇలాంటిది ఇంకోసారి జరిగితే నేను వచ్చినా లాభం ఉండదు."

ఆ రాత్రే వకుళ రంపం అడిగి తెచ్చి దండెం తీగ కోసి పారేసింది. పెట్టెలన్నీ సంచీలోకి పోగుచేసి పెరటి గుమ్మం పక్కన పడేసింది. ఎవరూ కాదనలేదు. "నీ చేతికి దణ్ణం తల్లీ, ఆ దరిద్రం మాకొద్దు," అన్నారు. అటక మీంచి తండ్రి వాడిన కీ ఇచ్చే చేతి గడియారం తీసి, సరైన టైము పెట్టి, తన చేతికి కట్టుకుంది. రేడియో మాట వినని గడియారం ఆ కాలనీలో అదొక్కటే.

మంగళవారం మధ్యాహ్నం. కోదండపాణి సెలవులో ఉన్నాడు. రేపట్నుంచి ఆఫీసుకి వెళతానని పొద్దుట్నుంచీ హుషారుగా ఉన్నాడు. వకుళ అన్నం వార్చి, పప్పుకి తాలింపు పెట్టింది. చేతి గడియారం చూసుకుంది. ఒంటిగంటకి ఇంకా పది నిమిషాలుంది. పీట వేసి, కంచం పెట్టి, నీళ్లు తేవడానికి లేచింది.

టిక్కుమంది.

వకుళ అక్కడే నిలబడిపోయింది. చేతి గడియారం చెవి దగ్గర పెట్టుకుంది. అది ఆడుతూనే ఉంది. మెల్లగా తలెత్తి గోడ వంక చూసింది. గోడ గడియారం సరిగ్గా ఒంటిగంట చూపిస్తోంది.

"ఏమండీ," అంది.  "మన పెట్టె నేను సంచీలో వేశాను కదూ?"

కోదండపాణి కంచంలోకి చూస్తూ మాట్లాడాడు. "సంచీలోంచి మనది తీసి మళ్లీ గూట్లో పెట్టా. రేపు బండెక్కాలి కదే. రెండ్రోజుల్నుంచి సరైన టైము చూస్తుంటే ఒకటే దడగా ఉంది. తీగ నువ్వే కోసేశావాయె. మిగతావాళ్లెవరి దగ్గరా పెట్టె లేదాయె. మనదొక్కటే అయితే ప్రమాదం లేదని నువ్వే అన్నావు. పది నిమిషాలేగా."

మనదొక్కటే. వకుళ కిటికీలోంచి పెరట్లోకి చూసింది. గుమ్మం పక్కన సంచీ ఖాళీగా చప్పబడి ఉంది. ఇంటి నుంచి ఇంటికి, కొక్కెం నుంచి కొక్కేనికి, కొత్త దండెం కట్టి ఉంది. ఎండకి తీగ తళతళలాడుతోంది. మాణిక్యాంబ దాని మీద తడి చీర ఆరేస్తూ, వకుళ చూపు తగలగానే చప్పున మొహం తిప్పుకుంది. అందరూ శాకాహారులే, మరి రొయ్యల బుట్ట ఏమైనట్టు?

వెనక గోడ మీద ముల్లు గెంతిన చప్పుడైంది. వకుళ తిరిగి చూడలేదు. నిమిషం పోయాక మళ్లీ అదే చప్పుడు.

ఆమె కంచంలో అన్నం కుమ్మరించింది. పప్పు వేసింది, నెయ్యి వేసింది.

"తొందరగా తినండి," అంది. "రాత్రి పూట వచ్చేస్తోంది."